ఐదవ కాంటూరు

మండవల్లి నుండి ఉత్తరముగా కొల్లేటివైపు నడచువానికి తాను పల్లమునకు దిగుచున్నట్లు తోచదు. నేల అంతయు సమముగానే కన్పట్టును. కాని నీరు ఆ పల్లమును ఎరుగును. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దానినే వెదకికొనుచు వచ్చి సరస్సులో కలియుచున్నవి. నిండిన నీరు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతమునకు పోవుచున్నది.

ఇట్టి సరస్సునకు ఎల్ల ఎక్కడ? సముద్రమట్టమునకు ఐదడుగుల యెత్తున ఒక తలమును ఊహించి, అది నేలను తాకిన చోట్లను కలుపుచు గీత గీసినచో, దానిని ఐదవ కాంటూరు అందురు. 1999లో ప్రభుత్వము కొల్లేటి వన్యప్రాణి అభయారణ్యమునకు ఎల్లగా గైకొన్నది ఈ గీతనే. దాని వైశాల్యము 308 చదరపు కిలోమీటర్లు.

ఆ తలము పలకవలె చదునైనదని తలచుట పొరపాటు. నిశ్చలమైన నీటిమట్టము భూగోళపు వంపును అనుసరించును. పది కిలోమీటర్ల ఎడముగల రెండు నీటియంచులను తిన్నని గీతతో కలిపినచో, నడుమనున్న నీరు ఆ గీతకంటె రమారమి రెండు మీటర్లు, అనగా ఆరడుగులకు పైగా, ఎత్తున నుండును. కొల్లేటి తగవంతయు ఐదడుగుల లోపలిదే కదా! లెక్కల పుస్తకములోని సమతలము ఇచట చాలదు, గోళతలమే కావలయును.

ఇక నేల రూపము. బిందెలో నీరు అంగుళము పెరిగినను దాని వైశాల్యము అంతగా మారదు. పళ్ళెములో అంగుళము పెరిగినచో నీరు అంచులు దాటును. కొల్లేరు పళ్ళెము వంటిది. పదవ కాంటూరు వరకు లెక్కించినచో వైశాల్యము 901 చదరపు కిలోమీటర్లగును. ఎత్తులో పెరిగినది ఐదడుగులే. విస్తీర్ణము ఇంచుమించు మూడు రెట్లయినది. 2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యపు ఎల్లను ఐదవ కాంటూరు నుండి మూడవదానికి తగ్గింపవలెనని తీర్మానించినది. రెండడుగులే గదా యని తలచువారు గోడను కొలిచినట్లు సరస్సును కొలుచుచున్నారు. ఎల్లలోపల జిరాయితీ భూములుగల రైతుల మొర న్యాయమైనదే. వారికి తగిన పరిహారము ఈయవలసినదే. అందుకై గీతను జరుపుట మాత్రము సరికాదు.

గీతను జరుపకయే సరస్సును కుదించు ఉపాయము మరియొకటి కలదు. అది చేపల చెరువు గట్టు. గట్టు లోపలి నేల ఐదడుగులకు దిగువనే యుండును, పటములో సరస్సుగనే కన్పట్టును. కాని వరదనీరు అందు చొరజాలదు. అచట నిలువవలసిన నీరు పొరుగు పొలములపై పడును. 2006లో ప్రభుత్వము అట్టి గట్లను పెక్కింటిని తెగగొట్టించినది గాని, పిమ్మట మరల గట్లు లేచినవి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు పేటలను ముంచినది. ఆ నీరు తరువాత కొల్లేటికే వచ్చినది. లంక గ్రామములకు పోవు త్రోవలు కొన్ని రోజుల తరబడి నీటిలో మునిగియుండెను.