లెక్కకు చిక్కిన దోమ

ఓరుగల్లు సీమలో చెరువు జీవనాధారం. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులే ఆ నేలను సస్యశ్యామలం చేశాయి. కోట నీడన వెలసిన జఫర్‌గఢ్ మొదలుకొని భూపాలపల్లి అడవి పల్లెల దాకా నీరున్న చోట పంట పండింది, పంట ఉన్న చోట మనిషి నిలిచాడు. నీరూ మనిషీ కలిసిన చోట దోమ కూడా చేరింది. ఈ మూడింటి సంబంధాన్ని గుర్తించడం జీవశాస్త్రం పని. ఆ సంబంధం ఏ మేరకు రోగాన్ని పెంచుతుందో, ఏ మేరకు తుంచుతుందో చెప్పగలిగేది గణితం. ఈ రెండు శాస్త్రాలూ చేయి కలిపినప్పుడే అంటువ్యాధి స్వరూపం స్పష్టమవుతుంది.

ఈ సత్యానికి తొలి వేదిక తెలుగు నేలే కావడం విశేషం. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ ఉదరంలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆయన పరిశోధన సాగించిన బేగంపేట భవనం ఆయన పేరుతోనే నిలిచి ఉంది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. లోకం రాస్‌ను ఇంతవరకే స్మరిస్తుంది. కాని ఆయన తన జీవితంలో మిక్కిలి విలువైనదిగా భావించిన కృషి ఆ తరువాతనే ఆరంభమైంది.

దోమలను తగ్గిస్తే మలేరియా తగ్గుతుందని రాస్ వాదించాడు. లాహోరు సమీపంలోని మియాన్ మీర్ సైనిక స్థావరంలో 1901 తరువాత జరిగిన ప్రయత్నం ఆశించిన ఫలితం ఇవ్వలేదు. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరమని విమర్శకులు ప్రశ్నించారు. దానికి రాస్ సమీకరణాలతో సమాధానం చెప్పాడు. మారిషస్ దీవిలో చేసిన అధ్యయనాన్ని 1908లోను, మరింత విపులమైన సిద్ధాంతాన్ని 1911లోను ప్రకటించాడు. దోమలన్నిటినీ చంపనక్కరలేదు, వాటి సంఖ్యను ఒక హద్దుకు దిగువకు తెస్తే చాలు, రోగం తనంత తానే క్షీణిస్తుందన్నదే ఆ సిద్ధాంత సారం.

ఒక ఊహా గ్రామంతో దీనిని గ్రహించవచ్చు. ఒక రోగిని అరవై దోమలు కుట్టాయనుకుందాం. క్రిమి పక్వానికి వచ్చేవరకు వాటిలో మూడో వంతు, అంటే ఇరవై బతికాయి. ఆ ఇరవైలో పదింట ఒకటి మరొకరికి రోగం అంటించగలిగితే కొత్త రోగులు ఇద్దరు. ఇద్దరు నలుగురవుతారు, నలుగురు ఎనిమిదిమంది అవుతారు. అదే దోమలు సగమైతే ఒకరి నుంచి ఒకరికే సోకుతుంది, రోగం పెరగక నిలుస్తుంది. సగం కంటె తగ్గితే క్రమంగా అంతరిస్తుంది. అసాధ్యమనిపించిన కార్యం ఈ చిన్న లెక్కతో సాధ్యమని తేలింది. నిరాశలో ఉన్నవారికి గమ్యం చూపడం కంటె శాస్త్రం చేయదగిన మేలేముంది?

1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ ఈ లెక్కను మరో మెట్టు ఎక్కించాడు. దోమ శరీరంలో క్రిమి పక్వం కావడానికి సుమారు పది రోజులు పడుతుంది. రోజుకు పదింట తొమ్మిది దోమలు బతికితే పది రోజులకు నూటికి 35 మిగులుతాయి. పదింట ఎనిమిదే బతికితే 11 మాత్రమే మిగులుతాయి. అంటే దోమ ఆయువును కొద్దిగా తగ్గించినా ఫలితం ఎన్నో రెట్లు ఉంటుంది. ఇంటి గోడలపై మందు చల్లడంలోని మర్మం ఇదే.

హద్దును మరచిన జాతికి శిక్ష తప్పదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి భారతదేశంలో ఏటా సుమారు ఏడున్నర కోట్లమందికి మలేరియా సోకేదని అంచనా. 1953లో ఆరంభమైన జాతీయ కార్యక్రమం వల్ల 1960ల మధ్య నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగింది. విజయం చేతికందిందన్న భావనతో నిఘా సడలింది, మందుకు లొంగని దోమలూ పుట్టుకొచ్చాయి. 1976లో రోగుల సంఖ్య 64 లక్షలు దాటింది. చెరువు నిండిందని కట్టను వదిలేసిన రైతు గతి ఇదే.

అయితే గణితాన్ని జోస్యంగా భావించడం మరొక ప్రమాదం. కరోనా కాలంలో ఐఐటీ హైదరాబాదు ఆచార్యుడు మాతుకుమల్లి విద్యాసాగర్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ సంఘం 2020 అక్టోబరులో ఒక అంచనా ప్రకటించింది. ఉధృతి శిఖరం దాటిందనీ, జాగ్రత్తలు పాటిస్తే 2021 ఫిబ్రవరి నాటికి వ్యాధి కనిష్ఠ స్థాయికి చేరుతుందనీ చెప్పింది. ఫిబ్రవరి దాకా సంఖ్యలు తగ్గాయి కూడా. కాని రెండవ కెరటం వచ్చి, 2021 మే నెలలో రోజుకు నాలుగు లక్షలు దాటిన కేసులతో దేశాన్ని ముంచెత్తింది. వైరస్ రూపం మారింది, మనుషుల నడవడీ మారింది. సమీకరణం ‘అయితే’ అన్న మాటతో మొదలవుతుంది. ఆ మాటను విడిచి ఫలితాన్ని మాత్రమే పట్టుకున్న సమాజానికి అది రక్ష కాజాలదు. అంచనా వేసినవారు దాని హద్దులను కూడా అంతే స్పష్టంగా ప్రజలకు చెప్పాలి. అంచనా తప్పిందని గణితాన్నే తోసిపుచ్చడం మాత్రం వాన కురవలేదని వ్యవసాయం మానుకోవడం వంటిది.

మనుషులను అంకెలుగా మార్చడం హృదయంలేని పని అని కొందరి ఆక్షేపణ. నిజానికి లెక్కలోకి రాని మనిషే అందరి దృష్టికీ దూరమవుతాడు. అడవి పల్లెలో నమోదు కాని జ్వరం ఏ సమీకరణంలోను కనిపించదు, ఆ పల్లెకు మందూ చేరదు. రాజధానిలో కంప్యూటరు ఎంత గొప్పదైనా, గడప గడపకు తిరిగే ఆశా కార్యకర్త రాసుకున్న పుస్తకమే దానికి ఆధారం. పైగా ఒక చోటి లెక్క మరొక చోట చెల్లదు. పొలాల కాలువల్లో పెరిగే దోమ వేరు, అడవి వాగుల్లో పెరిగే దోమ వేరు, ఇంటి తొట్టిలోని మంచినీటిలో పెరిగి డెంగ్యూను తెచ్చే దోమ వేరు. జఫర్‌గఢ్ లెక్కను జఫర్‌గఢ్‌లోనే సేకరించాలి.

ఇక్కడ విద్యావిధానం ఆలోచించవలసిన విషయం ఒకటి ఉంది. పదవ తరగతి దాటగానే విద్యార్థులు రెండు దారులుగా చీలిపోతున్నారు. బైపీసీ చేరినవారు గణితానికి, ఎంపీసీ చేరినవారు జీవశాస్త్రానికి చాలావరకు వీడ్కోలు చెబుతున్నారు. మహావీరాచార్యుని గణితాన్ని పావులూరి మల్లన పద్యాలలో తెలుగు చేసిన సంప్రదాయం మనది. సాహిత్యమూ గణితమూ కలిసి నడిచిన భాషలో రెండు విజ్ఞాన శాస్త్రాల మధ్య గోడ కట్టడం తగదు. రాస్ వైద్యుడై ఉండి లెక్కలను ప్రేమించాడు కనుకనే దోమను జయించే దారి కనుగొన్నాడు. రేపటి వైద్యునికి సమీకరణం చదవడం రావాలి, రేపటి గణితవేత్తకు నీటిగుంటలోని జీవం తెలియాలి. ఆ గోడను తొలగించే బాధ్యత పాఠ్యప్రణాళికలు రూపొందించే పెద్దలది. అది తొలగేదాకా ఆగకుండా అవతలి శాస్త్రంలోకి తొంగిచూసే చొరవ విద్యార్థులది.