ఆ బొమ్మకు ఆ బట్టలెందుకు?

మొన్న మావాడు కంప్యూటర్లో ఆట ఆడుతుంటే మా అమ్మాయి చూసి, "అమ్మా, గుహల్లో పొట్టి నిక్కరేసుకుని పాకితే మోకాళ్ళు గీసుకుపోవూ?" అంది. నవ్వొచ్చింది గానీ, మాట నిజమే కదా!

ఆ ఆట టూంబ్ రైడర్. 1996లో ఇంగ్లండువాళ్ళు తయారుచేశారు. దానికే మెరుగులు దిద్ది 2024లో మళ్ళీ వదిలారు. అందులో లారా క్రాఫ్ట్ తెలివైంది, ధైర్యస్తురాలు. అయినా జనం ఎక్కువగా చెప్పుకున్నది ఆమె ఒంటి గురించే. 2013లో వచ్చిన కొత్త ఆటకు ప్రధాన రచయిత్రి రియానా ప్రాచెట్. అందులో లారా నిండు ప్యాంటుతో, మామూలు అమ్మాయిలా ఉంటుంది. సాహసమేమీ తగ్గలేదు.

ఆటల్లో ఆడవాళ్ళని ఇలా చూపించడం తప్పన్న అనీటా సర్కీసియన్‌కి 2014లో అమెరికాలో బెదిరింపులొచ్చాయి. యూటా స్టేట్ యూనివర్సిటీలో ఉపన్యాసమే మానుకోవాల్సి వచ్చింది. బొమ్మ బట్టల గురించి అడిగితే ఇంత కోపమా?

కంప్యూటర్ కట్టేస్తే వాడు స్నేహితుడింట్లో ఆడతాడు. అందుకే పక్కన కూర్చుని, "ఈ పిల్లని ఇలా ఎవరికోసం గీశార్రా?" అన్నాను. వాడు కాసేపు ఆగి, "మాకోసమేనేమో" అన్నాడు.

ఆడపిల్లకి ఒద్దిక నేర్పుతూనే ఉన్నాం. మగపిల్లాడికి చూపు నేర్పొద్దూ? మీరేమంటారు?