గసగసాల లెక్క, ఆడపిల్లల లెక్క

'ఎవరెన్ని చెప్పినా తాలిబన్లు నల్లమందు ఆపారా, లేదా?' మతఛాందసం మీద మాట మొదలైతే చాలు, ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. ఎమర్జెన్సీలో రైళ్లు టైముకి నడిచాయి కదా అనే పెద్దమనుషుల మాట లాంటిదే ఇదీ. కొట్టిపారేయడమెందుకు, లెక్కే చూద్దాం.

ఆపిన మాట నిజం. 2000లో ముల్లా ఒమర్ గసగసాల సాగు వద్దన్నాడు. దాదాపు 82 వేల హెక్టార్ల పంట మరుసటి ఏడాదికి 8 వేలలోపుకు వచ్చేసింది. మళ్లీ గద్దెనెక్కాక 2022 ఏప్రిల్‌లో రెండోసారి నిషేధించారు. 2023లో సాగు 95 శాతం తగ్గింది. అమెరికా ఇరవై ఏళ్లపాటు వందల కోట్ల డాలర్లు పోసి చేయలేకపోయిన పని అది. అసలు 1994లో కాందహార్ జనం వాళ్లను ఊరికే ఆదరించలేదు. రోడ్లకు అడ్డంగా గొలుసులు కట్టి లారీలను దోచుకునే ముఠాలను తరిమింది వాళ్లే.

జమ వైపు రాయాల్సింది ఇంతే. అందులోనూ నల్లమందు ఆపిన ఖర్చు పడింది రైతు మీదే. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం, నల్లమందు అమ్మకం మీద 2022లో 136 కోట్ల డాలర్లు చూసిన అఫ్ఘాన్ రైతులు 2023లో 11 కోట్లే చూశారు. గోధుమ వేసుకోమన్నారు. గోధుమకు ఆ ధర ఎక్కడొస్తుంది? అయినా ఈ పనికి ఛాందసమే కావాలా? ఉత్తర థాయిలాండ్ కొండల్లోనూ గసగసాలే పండేవి. 1969లో అక్కడి రాజు మొదలుపెట్టిన ప్రాజెక్టు కాఫీ, పండ్లు, కూరగాయలు నేర్పించి మెల్లగా మాన్పించింది. చాలా ఏళ్లు పట్టింది, నిజమే. కానీ అందుకోసం ఏ బడికీ తాళం వేయలేదు.

ఇక్కడ వేశారు. 2021 సెప్టెంబరు నుంచి ఆరో తరగతి దాటిన ఆడపిల్లకు బడి లేదు. 2022 డిసెంబరులో యూనివర్సిటీ కూడా పోయింది. ఇలా చదువు ఆగినవాళ్లు 2024 నాటికి 14 లక్షల మందని యునెస్కో లెక్క. నల్లమందు ఆపినందుకు మెచ్చుకునేవాళ్లెవరూ ఈ పిల్లలను అడిగి మెచ్చుకోవడం లేదు. లాభం ఒకరిది, చెల్లింపు మరొకరిది.

పోనీ, అక్కడితో ఆగిందా? చాలాచోట్ల ఆడవాళ్లను మగ డాక్టరు ముట్టుకోకూడదు. అలాంటి దేశంలో 2024 డిసెంబరులో ఆడవాళ్లకు నర్సింగు, మంత్రసాని చదువులు కూడా ఆపేశారు. మరి పురుడు ఎవరు పోయాలి?

2025 ఆగస్టు 31 రాత్రి కునార్‌లో భూమి కంపించింది. 2,200 మందికి పైగా పోయారు. గాయపడిన ఆడవాళ్లను చూడటానికి ఆడ డాక్టర్లు, నర్సులు చాలలేదు. మహిళా సిబ్బందిని మగతోడు లేకుండా తిరగనివ్వండని ప్రపంచ ఆరోగ్య సంస్థ తాలిబన్లను అడగాల్సి వచ్చింది.