చెవిన పడిన మాట

1877. మద్రాసు రాజధానిని కరువు పీడిస్తున్న కాలం. ఒంగోలు ప్రాంతంలో గింజలు దొరక్క ఊళ్లకు ఊళ్లే కదిలిపోతున్నాయి. బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా సాగుతోంది. అందులో సుమారు మూడున్నర మైళ్ల పనిని ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నారు. వేలమంది పలుగూ పారా పట్టారు, తట్టలు మోశారు. వారి పని చూసుకున్నది ఆయనతో ఉన్న తెలుగు బోధకులే. పని ఆగిన వేళ కూలీలు నేలమీద కూలబడితే బోధకులు వారి మధ్య చేరి యేసు కథ చెప్పేవారు. ప్రయాసపడేవారినీ బరువు మోసేవారినీ తన దగ్గరికి రమ్మని ఆయన పిలిచిన మాట మత్తయి సువార్త 11వ అధ్యాయంలో ఉంది. తలమీది తట్ట అప్పుడే దించిన మనిషికి ఆ మాట వేరే వివరణ అక్కర్లేకుండానే అర్థమై ఉంటుంది.

ఆ కూలీల్లో చాలామందికి అక్షరం రాదు. ఎక్కువమంది మాదిగ కుటుంబాలవారు. బడి గడప తొక్కే వీలు లేనివారు. పుస్తకం చేతికి అందకముందే అందులోని మాట వారి చెవిన పడింది.

విన్నవారిలో ఎందరో బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ వెంటనే ఒప్పుకోలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఆపారు. కరువు సాయం ముగిసింది. ఇవ్వడానికి ఆయన దగ్గర ఇక ఏమీ లేదు. అయినా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న ఒంగోలుకు పది మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఆ పని నడిపించారు. ఒంగోలు సంఘం 1867 జనవరి 1న మొదలైనప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మందే.

ఇంత మార్పుకు కారణాలు ఒకటి కాదు. ఆకలి ఉంది. కులం పేరుతో పడిన అవమానం ఉంది. ఒక ఇంటివారు కదిలితే చుట్టాలంతా కదిలే కట్టుబాటు ఉంది. వాటన్నిటితో పాటు, రోజూ విన్న మాటకూ ఒక చోటుంది.

నిజానికి బైబిలు చరిత్రలో చదవడం కంటే వినడమే ఎక్కువ. చెర నుంచి తిరిగివచ్చిన యూదులకు ఎజ్రా ధర్మశాస్త్రం చదివి వినిపించాడు. స్త్రీలూ పురుషులూ తెల్లవారినప్పటి నుంచి మధ్యాహ్నం దాకా విన్నారని నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం చెబుతుంది. పౌలు ఉత్తరాలు సంఘం కూడినప్పుడు ఒకరు చదివితే మిగతావారు వినేందుకు రాసినవి. కొలొస్సయులకు రాసిన ఉత్తరాన్ని పొరుగునున్న లవొదికయ సంఘానికీ వినిపించమని ఆయనే చెప్పాడు. విశ్వాసం వినడం వల్ల కలుగుతుందని రోమీయులకు రాసిన మాట ఆ కాలంలో అలంకారం కాదు, కళ్లెదుట జరుగుతున్న సంగతి. అచ్చుయంత్రం లేదు. చేతిరాత ప్రతి కొనే స్తోమత కొందరికే ఉండేది.

ఈ అలవాటు తెలుగువారికి కొత్తేమీ కాదు. నవవిధ భక్తుల్లో మొదటిది శ్రవణమే. పురాణ కాలక్షేపం వినీ, హరికథ వినీ భారత భాగవతాలు తెలుసుకున్న తరాలు ఎన్నో. ఖురాన్ అన్న పేరుకు అర్థమే పారాయణం. అలాగే 23వ కీర్తన మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పే అవ్వలు గోదావరి జిల్లాల నుంచి కడప దాకా పల్లెపల్లెలో కనిపిస్తారు. వారిలో కొందరు సంతకం కూడా చేయలేరు. ఆదివారం ఆరాధనలో విన్నది, కుటుంబ ప్రార్థనలో మనవడు చదివితే విన్నది ఏళ్ల తరబడి లోపల నిలిచిపోయింది.

ఇప్పుడు అదే పని ఫోన్ చేస్తోంది. సంగీత నిర్మాణ రంగంలో పనిచేసిన బ్రయాన్ హార్డిన్ 2006 జనవరి 1న అమెరికాలో ‘డైలీ ఆడియో బైబిల్’ మొదలుపెట్టారు. పాత నిబంధన, కొత్త నిబంధన, కీర్తనలు, సామెతల నుంచి రోజుకు కొంత వినిపిస్తూ డిసెంబరు 31 నాటికి మొత్తం పూర్తిచేసే పద్ధతి అది. విశేషం చదువుడులోనే లేదు. వింటున్నవారు ఫోన్ చేసి తమ కష్టం చెప్పుకొన్నారు. ఆ గొంతులనూ కార్యక్రమంలో వినిపించారు. ఒకరి బిడ్డ జబ్బు గురించి ముక్కూ మొహం తెలియని మరొకరు ప్రార్థన చేశారు. 2021 జనవరిలో క్యాథలిక్ గురువు ఫాదర్ మైక్ ష్మిట్జ్ మొదలుపెట్టిన ‘బైబిల్ ఇన్ ఎ ఇయర్’ 365 భాగాలతో సాగింది. కొవిడ్ వల్ల చర్చి తలుపులు పూర్తిగా తెరుచుకోని ఆ రోజుల్లో అమెరికాలో ఎక్కువమంది వినే కార్యక్రమాల జాబితాలో అది మొదటి స్థానానికి చేరింది. తెలుగు బైబిలు కూడా ఇవాళ ఫోన్‌లో ఉచితంగా వినవచ్చు.

దీనివల్ల మేలు పొందేవారు తక్కువేమీ కాదు. చూపు మందగించిన పెద్దలు, తెల్లవారుజామున వంటింట్లో ఊపిరాడని తల్లులు, రాత్రి డ్యూటీ ముగించుకుని బస్సెక్కే నర్సులు, ఊరు కాని ఊళ్లో తెలుగు గొంతు కోసం మొహంవాచిన వలస కూలీలు... వీరెవరికీ కూర్చుని పుస్తకం తెరిచే తీరిక ఉండదు. చెవులు మాత్రం ఖాళీగానే ఉంటాయి.

అయితే ఇందులో ఒక చిక్కుంది. కాలువ గట్టున విన్నవాళ్లు పదిమందీ కలిసి విన్నారు. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లు ఎవరికి వారే వింటున్నారు. ఫోన్‌లోని గొంతు ఎంత ఆప్యాయంగా ఉన్నా, వారం రోజులుగా ఫలానా మనిషి వినడం లేదని దానికి తెలియదు. జ్వరంతో పడుకున్నాడేమో, మనసు విరిగి మూలన కూర్చున్నాడేమో కనుక్కోవడానికి అది రాదు. ప్రార్థనలో రోజూ పక్కన కూర్చునే అక్కకు ఆ ఖాళీ చాప కనిపిస్తుంది. సాయంత్రానికి గిన్నెలో జావ పట్టుకుని తలుపు తడుతుంది. మనం లేని లోటు గమనించేవారు ఉన్నచోటే సంఘం ఉంటుంది.

అర్థం చేసుకోవడానికీ తోడు కావాలి. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఇతియోపియా రాణి కొలువులోని అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటుంటాడు. అది ఫిలిప్పు చెవిన పడుతుంది. అర్థమవుతోందా అని అడిగితే, చెప్పేవారు లేకుండా ఎలా అంటాడు ఆ అధికారి. ఫిలిప్పును రథమెక్కించుకుంటాడు. చదువుకున్నవాడు, హోదా ఉన్నవాడు, అయినా పక్కన ఒక మనిషిని కోరుకున్నాడు. ఇవాళ కూడా అంతే. జనవరిలో ఆదికాండం కథలు ఉత్సాహంగా విని, లేవీయకాండంలో బలుల నియమాలు వచ్చేసరికి ఆపేసేవారు ఎందరో. పాత తెలుగు అనువాదంలోని మాటలు పిల్లలకు కొరుకుడు పడవు. పక్కన ఒకరుంటే ఆ పూట గడుస్తుంది, ప్రశ్న అడిగే ధైర్యమూ వస్తుంది.

లెక్క వేస్తే ఇది పెద్ద భారమేమీ కాదు. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకొకటి చొప్పున వింటే సరిగ్గా ఏడాదికి పూర్తవుతాయి. కొత్తగా మొదలుపెట్టేవారికి 16 అధ్యాయాల మార్కు సువార్త అనువుగా ఉంటుంది. సామెతల గ్రంథంలోని 31 అధ్యాయాలు నెలకు సరిపోతాయి. ఫోన్‌ను చెవిలో కాకుండా బల్లమీద పెడితే చాలు. భోజనాలయ్యాక టీవీ కట్టేసి ఇంటిల్లిపాదీ పది నిమిషాలు వినవచ్చు. ఆ తర్వాత తాతయ్యకు ఏ మాట తట్టిందో, చిన్నదానికి ఏది అర్థం కాలేదో ఒక్క మాట అనుకోవచ్చు. వీధి చివర ఒంటరిగా ఉండే పెద్దావిడ ఉంటే ఆమెనూ పిలవవచ్చు.

గుండ్లకమ్మలో దిగిన ఆ మనుషుల పేర్లు మనలో చాలామందికి తెలియవు. ఒకరు చెబితే విన్నారు, ఇంటికి వెళ్లి మరొకరికి చెప్పారు. అలా విన్న మాట ఊరు దాటింది, తరం దాటింది. ఇవాళ అది ఫోన్‌లో ఉంది. కలిసి వినడానికి పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోవడమే ఇక మిగిలిన పని.