ఎండ ఉన్నా ఎముకకు బలం లేదేమి?

పిల్లలూ! శ్రీకాకుళం జిల్లాలో కవిటి చుట్టుపక్కల ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. అక్కడ కొబ్బరి, జీడి, పనస తోటలు చాలా ఉన్నాయి. ఎండకు కరవు లేదు. ఎండ తగిలితే మన చర్మంలో డి-విటమిను తయారవుతుందనీ, అది ఎముకలకు బలమనీ మీరు చదివే ఉంటారు.

అయితే ఉద్దానంలో చాలామందికి మూత్రపిండాల జబ్బు ఉంది. అది ముదిరినవాళ్లు ఎంత ఎండలో తిరిగినా వారి ఎముకలు బలహీనపడవచ్చు. ఇది వింతగా లేదూ?

తోటలో రాలిన జీడిపిక్కను అలాగే తినగలమా? పలాస కర్మాగారాలలో దాన్ని వేడిచేసి, పెంకు పగలగొట్టి, పొట్టు తీస్తేనే పప్పు చేతికి వస్తుంది. డి-విటమినూ అంతే. చర్మంలో పుట్టినది మొదట కాలేయానికి పోయి కొంత మారుతుంది. తరవాత మూత్రపిండాలలో ఆఖరి మార్పు పొందుతుంది. అప్పుడు గాని పనికిరాదు. మూత్రపిండాలు చేసే ఈ పనిని 1970లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫ్రేజర్, కోడిచెక్ అనే శాస్త్రజ్ఞులు కనిపెట్టారు.

ఇలా తయారైన విటమిను, మనం తిన్న పాలు, పెరుగు, చోళ్లలోని కాల్షియం ప్రేవులనుంచి రక్తంలోకి చేరేటట్టు చేస్తుంది. మూత్రపిండాలు చెడితే ఈ పని కుంటుపడుతుంది. గుండె కొట్టుకోవటానికి కూడా కాల్షియం కావాలి గనక, శరీరం దాన్ని ఎముకలలోంచే తీసి వాడుకుంటుంది. ఎముకలు గుల్లబారతాయి.

రక్తం సంగతీ ఇటువంటిదే. రక్తకణాలు తయారుచేయమని ఎముకల మూలుగను పురికొల్పే పదార్థం ముఖ్యంగా మూత్రపిండాలలోనే పుడుతుంది. అది తగ్గితే, తిండిలో ఇనుము ఉన్నా మనిషి పాలిపోతాడు, ఆయాసపడతాడు.

ఉద్దానంలో ఈ జబ్బుకు కారణం కోసం శాస్త్రజ్ఞులు వెతుకుతూనే ఉన్నారు. ఇందుకోసం 2023లో పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. రక్తమూ, మూత్రమూ పరీక్షిస్తేనే బయటపడుతుంది. కనుక మీ ఇంటి పెద్దలను పరీక్ష చేయించుకోమనండి. ఒళ్లు నొప్పులని, వైద్యుణ్ణి అడగకుండా నొప్పి మాత్రలు మింగవద్దనండి. అవి మూత్రపిండాలకు చేటు. డి-విటమిను మాత్రలు కూడా సొంతంగా వేసుకోరాదు. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకే హాని.

మరి మీరో? కాసేపు ఎండలో ఆడుకోండి, చోడి అంబలి తాగండి, దాహం వేసినప్పుడు మంచినీళ్లు మరవకండి. మిగతా పని మీ మూత్రపిండాలు చూసుకుంటాయి!