మా నాన్న ఉండే ఊరు చిరిగిపోయింది

మీ ఇంటిపన్ను రసీదు ఒక్కసారి తీసి చూడండి. పన్నులో ప్రతి రూపాయికీ ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. 1960 నాటి చట్టం కింద మన దగ్గర వసూలు చేస్తున్నారు. ఆ డబ్బు పురపాలక సంఘాలు, పంచాయతీలు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు ఏ ఏడూ ఆగదు. జమ దగ్గరే ఏళ్ల తరబడి బకాయిలు. ఎవరి పిల్లల నోటి దగ్గర కూడు లాక్కుంటున్నారో ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లకి తెలుసా?

మా ఊరి శాఖా గ్రంథాలయంలో శనివారం సాయంత్రాలు హైస్కూలు పిల్లల్ని కూర్చోబెట్టి చదివించేవాణ్ణి. వారానికో దేశం అనుకున్నాం. మొదటి రోజు అట్లాసు తెరిస్తే సోవియట్ యూనియన్ ఇంకా ఒకే దేశంగా ఉంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, తండ్రి మస్కట్‌లో డ్రైవరు, ముందుకు జరిగి అరేబియా కోసం వేలితో వెతికింది. ఆ మూల పేజీయే లేదు. "మేష్టారూ, మా నాన్న ఉండే ఊరు చిరిగిపోయింది" అంది.

ఆ మాట నాకిప్పటికీ నిద్ర పట్టనివ్వదు.

కొత్త అట్లాసుకీ, నాలుగు యాత్రా పుస్తకాలకీ అర్జీ పెట్టాను. రెండోసారీ పెట్టాను. "పిల్లలెవరొస్తారండీ, వచ్చేది గ్రూప్స్ వాళ్లేగా" అన్నారు పై అధికారులు. కొన్నాళ్లకి మా గ్రంథపాలకుడికి పక్క ఊరి శాఖ కూడా అప్పగించారు. శనివారాలు ఆయన అక్కడ, ఇక్కడ తలుపుకి తాళం. బీరువాలకైతే ఎప్పుడూ తాళమే. పుస్తకం పోతే తన జీతంలో కోస్తారని ఆయన భయం. ఆయన్ని నేనేమీ అనను.

ఆ బీరువాలోనే సహవాసి తెలుగు చేసిన 'ఏడుతరాలు' ఉంది. పదిహేనేళ్ల వయసులో నాకు ఆఫ్రికాని చూపించింది ఆ ప్రతే. ఇప్పుడది అద్దం వెనకాల చెదలకి వదిలేసిన సరుకు.

1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టుకున్నవాళ్లం మనం. 1935లో పుస్తకాలు పడవకెత్తి కృష్ణా డెల్టా కాలువ వెంట ఊరూరికీ పంపినవాళ్లం. పరాయి పాలనలో, చందాలు పోగేసుకుని చేశారు ఆ పని. ఇప్పుడు చట్టం ఉంది, పన్ను ఉంది, భవనం ఉంది. పిల్లలకి తలుపు తీసే దిక్కు లేదు!

ఫోనులో ప్రపంచమంతా ఉందిగా అంటారు. ఫోను ఆ పిల్లకి రాత్రి పూట నాన్న మొహం చూపిస్తుంది. ఆయన చుట్టూ ఉన్న మనుషులెవరో, ఏం తింటారో, ఏ కథలు చెప్పుకుంటారో, మన ఊళ్లవాళ్లు అంత దూరం ఎందుకు పోవాల్సి వచ్చిందో పక్కన కూర్చుని ఎవరు విప్పి చెబుతారు? ఆ వయసులో రేగిన ప్రశ్న రెండేళ్లు ఆగుతుందా?

నవంబరు 14 రాగానే గ్రంథాలయ వారోత్సవాలంటారు. నిరుడు ఆ పిల్లనే ప్రార్థన గీతానికి పిలిచారు. వేదిక వెనకాల బీరువా, దానికి తాళం. దండలు పడ్డాయి, ఉపన్యాసాలు అయ్యాయి, తాళం మాత్రం తీయలేదు.

మా ఊళ్లో గ్రంథాలయ పన్ను ఎంత వసూలైందో, ఎంత జమ చేశారో కాగితం మీద రాసి గ్రంథాలయం తలుపుకి అతికించండి. ఈ నెలలోనే అతికించండి. మార్చి దాటితే ఆ పిల్ల పదో తరగతి అయిపోతుంది.