మాట ఇచ్చేవారికీ, పుచ్చుకునేవారికీ మనవి

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం) ఉన్న పెద్దవాళ్లు మాట తప్పేది చాలావరకు మనసు లేక కాదు. చేద్దామన్న ఉద్దేశానికీ చేయాల్సిన క్షణానికీ నడుమ పని జారిపోతుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎమ్-5లో పెద్దవాళ్ల మతిమరుపుకు ఇచ్చిన ఉదాహరణలూ ఇవే: తిరిగి ఫోన్ చేయడం, బిల్లులు కట్టడం, ఒప్పుకున్న వేళకు వెళ్లడం మర్చిపోవడం. ఏడీహెచ్‌డీ అని నిర్ధారించాలంటే లక్షణాల్లో కొన్నయినా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. నిన్నమొన్న పని ఒత్తిడితో మొదలైన మరుపు ఈ లెక్కలోకి రాదు.

ఉదాహరణకు, కరెంటు బిల్లు కడదామని ఫోన్ తీస్తారు. అప్పుడే వాట్సాప్‌లో ఒక మెసేజ్. దానికి జవాబిచ్చి ఫోన్ జేబులో పెట్టేస్తారు. బిల్లు సంగతి మళ్లీ గుర్తొచ్చేది లైన్‌మన్ గుమ్మంలో నిలబడ్డప్పుడే. ఇంట్లో దీన్ని బాధ్యత లేకపోవడం అంటారు, ఆఫీసులో పొగరంటారు. అసలు చిక్కు ఆ తర్వాతిది. తప్పిన పని తాలూకు సిగ్గుతో అవతలివారి ఫోన్ ఎత్తడం మానేస్తారు. రెండ్రోజుల ఆలస్యం కాస్తా నెలల మౌనమవుతుంది. మరుపును క్షమించినవాళ్లు కూడా ఈ మౌనాన్ని క్షమించరు.

అందుకే ఏడీహెచ్‌డీ ఉన్నవారు అడిగిన వెంటనే "సరే" అనకూడదు. "సాయంత్రం చూసి చెబుతా" అంటే మర్యాద తక్కువేమీ కాదు. ఒప్పుకున్నది ఒకే చోట రాసుకోవాలి. నాలుగు యాప్‌లూ రెండు డైరీలూ ఉంటే ఏదీ లేనట్టే. "ఈ వారంలో పంపుతా" అనుకోకుండా "శనివారం పొద్దున కాఫీ తాగి లేవగానే పంపుతా" అనుకోవాలి. ఇలా ఒక సందర్భానికి ముడివేసిన సంకల్పం నెరవేరే అవకాశం ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లోనే వివరించారు. కుదరదని తెలిసిన గడియలోనే కబురు చేయాలి. ఏడీహెచ్‌డీ ఉందని చెప్పినంత మాత్రాన అవతలివారికి జరిగిన నష్టం పూడదు.

ఇంట్లోవారికీ పైఅధికారులకూ మరో మనవి. "గుర్తుపెట్టుకో" అని చెప్పడం వృథా, లోపం ఉన్నదే అక్కడ. తేదీ వేసి మెసేజ్ పెట్టాలి, ముందురోజు ఒకసారి అడగాలి, పదిమందిలో ఎత్తిపొడవకూడదు.

మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు ఏకాగ్రతకు తోడ్పడతాయి గానీ, వాటిని డాక్టరు రాసిస్తేనే వాడాలి. ఎవరిని కలవాలో తెలియనివారు కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. అది ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడతారు.